అమెరికా పౌరసత్వ ప్రమాణం చేస్తే ఈమాన్‌కు (ఇస్లాం విశ్వాసానికి) ఏమైనా అవుతుందా?

వఅలైకుం అస్సలాం. మీ అనుమానం చాలామందికి ఉన్నదే కాబట్టి కాస్త విడమరిచి రాస్తున్నాను. మీరడిగింది ఇదీ: నెల్లూరు నుంచి టెక్సస్ వచ్చారు, గ్రీన్ కార్డుకు ఐదేళ్లు నిండాయి, పౌరసత్వానికి అప్లై చేద్దామనుకుంటున్నారు. ఊళ్లో మీ అబ్బా (నాన్న) మాత్రం "కాఫిర్ల దేశానికి విధేయుణ్నని ఒట్టేస్తే ఈమాన్ పోతుంది" అని చెప్పే వాట్సాప్ వీడియో ఒకటి పంపి, అప్పట్నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు. రేపు అమెరికా ఏదైనా ముస్లిం దేశంతోనో, ఇండియాతోనో యుద్ధానికి దిగితే నా గతేంటన్నది మీ రెండో భయం. ఆఫీసులో ఒకాయన "మీకు మతం ముందా, దేశం ముందా?" అంటే నోట మాట రాలేదన్నది మూడోది.

సూటిగా చెప్తాను. ప్రమాణం చేయొచ్చు. దానివల్ల ఈమాన్ పోదు. కాకపోతే, చేస్తే మనస్ఫూర్తిగా చేయండి. "పైకి చదివెయ్, లోపల ఒప్పుకోకు, సరిపోతుంది" అని చెవిలో చెప్పేవాళ్లు ప్రతి మసీదులోనూ ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. మీ అబ్బా భయం కన్నా ఈ సలహా ప్రమాదం.

నేను ఇమిగ్రేషన్ లాయర్‌ని. మాది గుంటూరు, ఉండేది న్యూజెర్సీలో. వారాంతాల్లో మా మసీదులో పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 ఫారం నింపుకునేవాళ్లకు సాయం చేస్తుంటాను. ఫత్వా ఇచ్చేంతటి వాణ్ని కాను, మీ ఇమామ్ సాబ్‌నూ అడగండి. చట్టం గురించి మాత్రం ధీమాగా చెప్తాను. దీన్ (మతం) గురించి ఉలమాలను (మత పండితులను) అడిగి, చదివి తెలుసుకున్నంత వరకే.

ముందు ఆ ప్రమాణం చదవండి. వీడియోలు ఫార్వర్డ్ చేసేవాళ్లలో నూటికి తొంభై మంది దాన్ని చదివి ఉండరు. అందులో ఉన్నది ఇంతే: ఇంతకుముందు నేను పౌరుడిగా ఉన్న దేశానికి విధేయత పూర్తిగా వదులుకుంటున్నాను, అమెరికా రాజ్యాంగాన్ని, చట్టాలను కాపాడతాను, వాటికి కట్టుబడి ఉంటాను, చట్టం అడిగినప్పుడు ఆయుధం పడతాను, సైన్యంలో పోరాటంతో సంబంధం లేని సేవ చేస్తాను, పౌర అధికారుల కింద దేశానికి అవసరమైన పని చేస్తాను, ఇదంతా స్వేచ్ఛగా, మనసులో ఏ మినహాయింపూ దాచుకోకుండా, తప్పించుకునే ఉద్దేశం లేకుండా ఒప్పుకుంటున్నాను. చివర్లో దేవుడు నాకు తోడుండుగాక అని. ఆ చివరి మాట ఇష్టం లేనివాళ్లు వదిలేయొచ్చు, ఒట్టు వేయడం ఇష్టం లేనివాళ్లు ధ్రువీకరిస్తున్నానని చెప్పొచ్చు. మన వరకు దేవుడి సాయం అడగడంలో వచ్చిన ఇబ్బందేమీ లేదు.

ఇప్పుడు చూడండి, విధేయత దేనికి? రాజ్యాంగానికి, చట్టాలకు. అధ్యక్షుడికి కాదు, చర్చికి కాదు. ఆ రాజ్యాంగంలో 1791లో చేరిన మొదటి సవరణే మీ నమాజుకీ, మీ మసీదుకీ ఉన్న కాపలా. ఏ ప్రభుత్వ పదవికీ మతాన్ని అర్హతగా పెట్టకూడదని ఆరో అధికరణం చెప్తోంది. అలాంటి రాజ్యాంగాన్ని కాపాడతాననడం ఈమాన్‌కు విరుద్ధం ఎలా అవుతుందో ఆ వీడియో చేసినాయన చెప్పాలి.

జెండా సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నా. ప్రమాణ సభలో జెండాకు విధేయత చెప్పే ప్రతిజ్ఞ కూడా చదివిస్తుంటారు. పౌరసత్వం ఇచ్చేది ప్రమాణమే, ఆ ప్రతిజ్ఞ కాదు. బలవంతంగా జెండాకు సెల్యూట్ చేయించకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1943లోనే, యెహోవా సాక్షుల పిల్లల కేసులో తేల్చింది. ఇండియాలో 1985లో అదే మతానికి చెందిన కేరళ పిల్లలు జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడితే స్కూలు నుంచి పంపేశారు. అది తప్పని 1986లో సుప్రీంకోర్టు తీర్పు రాసింది మన తెలుగు జడ్జి ఓ. చిన్నపరెడ్డి. రెండు దేశాల్లోనూ మనకు అక్కరకొచ్చే తీర్పులు తెచ్చిపెట్టింది ఓ చిన్న క్రైస్తవ శాఖ పిల్లలు. ఈ సంగతి మా మసీదులో చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు.

మరి అబ్బా విన్న ఫత్వా అబద్ధమా? కాదు. అలాంటి ఫత్వాలు నిజంగానే ఉన్నాయి. అవి ఎక్కడ, ఎందుకు పుట్టాయో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఫ్రాన్స్ ఏలుబడిలోని అల్జీరియాలో 1865లో ఒక శాసనం వచ్చింది. దాని ప్రకారం ముస్లింలు ఫ్రాన్స్ ప్రజలే గానీ పూర్తి పౌరులు కారు. పౌరసత్వం కావాలంటే పెళ్లి, విడాకులు, వారసత్వం విషయాల్లో షరియత్‌ను వదిలేసి ఫ్రెంచి సివిల్ చట్టం కిందికి రావాలి. ట్యునీషియాలో 1923లో ఫ్రెంచి పౌరసత్వం తీసుకోవడం సులువు చేస్తూ చట్టం తెచ్చారు. జనం దాన్ని ఎలా చూశారంటే, తమ దేశాన్ని ఆక్రమించినవాడి పక్షాన చేరడానికి షరియత్‌ను వదులుకోవడంగా. 1930ల మొదట్లో బిజెర్తె పట్టణంలో అలా పౌరసత్వం తీసుకున్న వ్యక్తి చనిపోతే, ముస్లిం ఖబరస్తాన్‌లో పూడ్చనివ్వకూడదని ముఫ్తీ చెప్పడం, ఊళ్లో పెద్ద గొడవ కావడం, అది ఇతర ఊళ్లకు పాకడం జరిగింది. మీ అబ్బా భయం వెనుక ఉన్నది ఆ కాలపు వేడి. ఆ ఉలమాలను నేను తప్పు పట్టను, వాళ్ల ఎదుట ఉన్న పౌరసత్వం అలాంటిది. మీ ముందున్న ఎన్-400 ఫారంలో షరియత్ వదులుకోమన్న గడి ఎక్కడా లేదు.

ఇప్పటికీ సౌదీలోని కొందరు పెద్ద ఉలమా ఇష్టపూర్వకంగా ముస్లిమేతర దేశ పౌరసత్వం తీసుకోవడం తగదనే అంటున్నారు. వాళ్ల మాట దాచిపెట్టి మీకు సమాధానం చెప్పడం న్యాయం కాదు. అయితే ముస్లింలు మైనారిటీగా ఉండే దేశాల కోసం ప్రత్యేకంగా ఆలోచించిన తాహా జాబిర్ అల్‌వానీ, యూసుఫ్ ఖరదావీ లాంటివాళ్లు, 1997లో ఏర్పడిన యూరోపియన్ ఫత్వా మండలి లాంటి సంస్థలు దీన్ని ఒప్పందంగా చూస్తాయి. దీన్ పాటించుకునే వీలున్నంత వరకు ఆ దేశంలో పౌరుడిగా ఉండొచ్చు, ఉన్నప్పుడు దాని చట్టానికి కట్టుబడాలి అన్నది వాళ్ల మాట సారాంశం.

ఇది ఈ కాలం వాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మక్కాలో బాధలు పడలేక కొందరు సహాబాలు (ప్రవక్త సహచరులు) క్రైస్తవ రాజు నజాషీ ఏలే అబిసీనియాకు వలసపోయారు కదా. 622లో మదీనాలో ముస్లింల రాజ్యం ఏర్పడ్డాక కూడా అలా వెళ్లిన హజ్రత్ జాఫర్ వెంటనే తిరిగి రాలేదు. 628లో ఖైబర్ యుద్ధం సమయంలో వచ్చారు. అన్నేళ్లూ ఒక క్రైస్తవ రాజు చట్టం కింద ఉన్నందుకు ఆయన ఈమాన్‌ను ఎవరూ శంకించలేదు.

అంతకన్నా నాకు బలంగా తోచేది మరో సహాబీ హజ్రత్ హుజైఫా ఉదంతం, సహీ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. ఆయన్నీ, వాళ్ల నాన్ననూ మక్కా ఖురైష్ తెగవాళ్లు దారిలో పట్టుకుని, మాకు వ్యతిరేకంగా యుద్ధం చేయబోమని మాట తీసుకుని వదిలేశారు. బద్ర్ యుద్ధం ముందు. అసలే మనుషులు తక్కువ. అయినా ప్రవక్త (స) వాళ్లతో, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి, అల్లాహ్ సాయం మనం అడుగుదాం అని యుద్ధం నుంచి పక్కనపెట్టారు. బలవంతంగా, శత్రువు తీసుకున్న మాటకే అంత విలువ ఉంటే, మీరే ఫీజు కట్టి, ఫారం నింపి, మంచి సూటు వేసుకుని వెళ్లి ఇచ్చే మాటకు ఎంత ఉండాలి?

అందుకే మొదట్లో ఆ షరతు పెట్టాను. మనసులో మినహాయింపు పెట్టుకోలేదని ప్రమాణంలోనే ఉంది. పైకి ఒకటి, లోపల ఒకటి పెట్టుకుంటే చట్టం ముందు అబద్ధమాడినట్టు, దీన్ ప్రకారం ఒప్పందం తప్పినట్టు. "ఒప్పందాలు నెరవేర్చండి" అని ఖురాన్ ఐదో సూరా (అధ్యాయం) మొదటి ఆయత్‌లోనే (వాక్యంలోనే) ఉంది. ఒప్పందం ఎవరితో అన్నదాన్ని బట్టి అది మారదు. మీకు ఆ ప్రమాణంలో ఏదైనా మాట మింగుడుపడకపోతే, చట్టం మార్చనిచ్చే మాటైతే అధికారికంగా మార్పించుకోండి, లేదా గ్రీన్ కార్డు మీదే ఉండిపోండి. గ్రీన్ కార్డుతో జీవితాంతం ఉన్నా తప్పేం లేదు. నటించడం మాత్రం వద్దు.

ఇక యుద్ధం సంగతి. మీ ప్రశ్నలో నిజంగా బరువైనది ఇదే.

మా మసీదులో ఒక పెద్దావిడకు ఫారం నింపుతున్నాను. కడప ఆవిడ. 55 దాటి, గ్రీన్ కార్డు మీద పదిహేనేళ్లు ఉంది కాబట్టి ఇంటర్వ్యూ తెలుగులో, దుబాసీతో. చట్టం అడిగితే ఆయుధం పడతారా అన్న ప్రశ్న చదివి వినిపిస్తే తస్బీహ్ (జపమాల) తిప్పడం ఆపి నా మొహం చూసింది. "నాయనా, నా చేతికి తుపాకీ ఇస్తే మనోళ్ల కాళ్లే పేలతాయి, వాళ్లకు తెలీదా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, ఆవిడ నవ్వలేదు. "ఒట్టు కదా, అందుకని అడుగుతున్నా" అంది మళ్లీ. ఆవిడ అడిగిన తీరే సరైనది.

చట్టం ఇలా ఉంది. మత విశ్వాసం వల్లో, గాఢమైన నైతిక విశ్వాసం వల్లో యుద్ధమే కూడదనుకునేవాళ్లు ఆయుధం మాట, సైన్యంలో సేవ మాట తీసేసిన ప్రమాణం చేయొచ్చు. పౌర అధికారుల కింద పని చేస్తానన్న మాట మాత్రం అందరూ చెప్పాల్సిందే. 1946లో గిరార్డ్ అనే సెవెంత్‌డే అడ్వెంటిస్ట్ (ఇదీ ఒక క్రైస్తవ శాఖే) కేసులో, ఆయుధం పట్టనన్నంత మాత్రాన పౌరసత్వం నిరాకరించకూడదని సుప్రీంకోర్టు చెప్పాక ఈ దారి తెరుచుకుంది.

కానీ ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. "నేను అన్ని యుద్ధాలకూ వ్యతిరేకం కాదు, ముస్లింల మీద యుద్ధమైతేనే చేయను" అంటే ఈ మినహాయింపు రాదు. ఫలానా యుద్ధం వద్దు, ఫలానాది పర్లేదు అనే అభ్యంతరం చెల్లదని 1971లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి మీకు నిజంగా ఏ యుద్ధమైనా తప్పే అనిపిస్తేనే మార్చిన ప్రమాణం అడగండి. లేకపోతే పూర్తి ప్రమాణం చేయాలి.

పూర్తి ప్రమాణం చేస్తే ఆచరణలో ఏమవుతుంది? అమెరికాలో నిర్బంధ సైనిక సేవ 1973లోనే ఆగిపోయింది. 18 నుంచి 26 ఏళ్ల మధ్య మగవాళ్లు పేరు నమోదు చేయించుకోవాలి. మీరు ఆ వయసు దాటాక గ్రీన్ కార్డు తీసుకున్నారు కాబట్టి అది మీకు వర్తించదు, మీ అబ్బాయికి వర్తిస్తుంది. ఇక స్వచ్ఛందంగా చేరినవాళ్ల సంగతంటే, 2001 సెప్టెంబరులో అమెరికా సైన్యంలోని ముస్లిం చాప్లిన్ (సైనికుల మత గురువు) ఒకరు ఇదే ప్రశ్న అడిగితే, ఖరదావీతో సహా కొందరు పండితులు ముస్లిం సైనికులు తమ విధిలో కొనసాగవచ్చనే జవాబిచ్చారు. దాని మీద ముస్లింలలోనే విమర్శలు వచ్చాయి. ఇవాళ్టికీ ఏకాభిప్రాయం లేదు. ఖురాన్ ఎనిమిదో సూరా 72వ ఆయత్ ఒకసారి తీసి చదవండి. దీన్ విషయంలో సాయం అడిగిన ముస్లింలకు సాయం చేయాలి, అయితే మీకు ఒప్పందం ఉన్న జనానికి వ్యతిరేకంగా కాదు అంటుంది. నా మటుకు నాకు ఆ ఆయత్ చదివాక ఈ విషయంలో మనసు కుదుటపడింది. మీకు కుదుటపడకపోతే అప్లికేషన్ వాయిదా వేయండి, కొంపలేం మునగవు.

ఇండియాతో యుద్ధం వస్తే అన్నారు. ఇది ముస్లింలకే ఉన్న ఇబ్బంది కాదు. ఇదే ప్రమాణాన్ని మన జిల్లాల నుంచి వచ్చిన హిందువులు, క్రైస్తవులు ఏటా చేస్తూనే ఉన్నారు. చేసిన సాయంత్రం బిర్యానీ పార్టీ కూడా ఇస్తున్నారు. ఇండియాతో యుద్ధం వస్తే ఎటువైపని వాళ్లను ఎవరూ అడగరు, వాళ్లూ నిద్ర మానుకోరు. ఆ బాధేదో మీ ఒక్కరి నెత్తిన ఎందుకు పెట్టుకుంటారు?

ఆఫీసాయన ప్రశ్నకు వద్దాం. ఇది పాత ప్రశ్నే, పేరు మార్చుకుని వస్తుంటుంది. 1960లో జాన్ కెన్నెడీ అధ్యక్ష పదవికి నిలబడితే, క్యాథలిక్ కదా, పోప్ మాట వింటాడా దేశం మాట వింటాడా అన్నారు. మీ టెక్సస్‌లోనే, హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ పాస్టర్ల ముందు నిలబడి ఆయన జవాబు చెప్పాడు: మనస్సాక్షికీ దేశ ప్రయోజనానికీ మధ్య ఒకటి ఎంచుకోక తప్పని రోజు వస్తే పదవికి రాజీనామా చేస్తానని. నాకు తెలిసి అంతకన్నా నిజాయితీ అయిన జవాబు లేదు. మతాన్ని చిన్నబుచ్చలేదు, దేశాన్ని మోసం చేస్తాననలేదు.

మనవాళ్లనైతే కోర్టులే అడిగాయి. 1942లో మిషిగన్‌లో ఒక జడ్జి యెమెన్ ముస్లిం దరఖాస్తును కొట్టేస్తూ, ఇతను తెల్లవాడు కాదన్నాడు, ముస్లింల సంస్కృతికీ క్రైస్తవ యూరప్ సంస్కృతికీ చాలా దూరమన్నాడు. రెండేళ్లకే, 1944లో, మసాచుసెట్స్‌లో మరో జడ్జి ఒక అరబ్ ముస్లింకు పౌరసత్వం ఇచ్చాడు. ఇండియన్లకు మతంతో సంబంధం లేకుండా 1946 దాకా తలుపులు మూసే ఉన్నాయి. ఇప్పుడు చూస్తే, 2007లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ముస్లిం కీత్ ఎలిసన్, ఒకప్పటి అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ సొంత ఖురాన్ ప్రతి మీద చేయి పెట్టి లాంఛనంగా ప్రమాణం చేశారు. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. ప్యూ సంస్థ 2017లో సర్వే చేస్తే అమెరికా ముస్లింలలో 97 శాతం ముస్లిం అయినందుకు గర్విస్తున్నామన్నారు, 92 శాతం అమెరికన్ అయినందుకు గర్విస్తున్నామన్నారు. ఆ రెండు అంకెలూ కలిపి ఆఫీసాయనకు చెప్పండి. ఇంకా వాదిస్తే టీ తాగడానికి లేచిపోండి. ప్రతివాడికీ రుజువు చూపించుకుంటూ బతకాల్సిన పని మనకు లేదు.

అన్ని ప్రజాస్వామ్యాలూ ఒకటే అనుకుని మాత్రం యూరప్‌లోని మీ బంధువులకు ఈ సమాధానం ఫార్వర్డ్ చేయకండి. ఫ్రాన్స్‌లో పౌరసత్వ సభలో మగ అధికారితో చేయి కలపనన్న ఒక అల్జీరియా మహిళకు పౌరసత్వం నిరాకరించారు, 2018లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం దాన్ని సమర్థించింది. డెన్మార్క్‌లో 2019 నుంచి ఆ కరచాలనం ఏకంగా చట్టంలోనే ఉంది. అమెరికాలో అలాంటి నిబంధన లేదు. హిజాబ్‌తోనే ఫొటో దిగొచ్చు, ముఖం పూర్తిగా కనిపిస్తే చాలు.

నిజానికి మనవాళ్ల ఫైళ్లు ఆగేది ప్రమాణం దగ్గర కాదు, నికా దగ్గర. ఇంత చర్చించి ఇది చెప్పకపోతే లాభం లేదు. నాకు తెలిసిన ఒకాయన ఇక్కడి నుంచే ఫోన్లో మొదటి భార్యకు తలాఖ్ చెప్పి, ఇండియా వెళ్లి ఇంకో నికా చేసుకుని వచ్చాడు. ఫారంలో 'విడాకులు అయ్యాయి' అని రాశాడు. ఇంటర్వ్యూలో ఆఫీసరు డిక్రీ అడిగితే చూపించడానికి కాగితం లేదు. ఇక్కడ ఉండి మాటతో ఇచ్చిన తలాఖ్ ఇక్కడి చట్టం లెక్కలోకి రాదు. ఒక్కసారిగా చెప్పే మూడు తలాఖ్‌లు ఇండియాలో కూడా 2019 చట్టం తర్వాత చెల్లవు, పైగా మూడేళ్ల దాకా జైలు. ఆయన లెక్క ప్రకారం ఒక్కతే భార్య, చట్టం లెక్క ప్రకారం ఇద్దరు. ఒకేసారి ఇద్దరితో కాపురం పౌరసత్వానికి అడ్డు, ఫారంలో దాని మీద సూటి ప్రశ్నే ఉంది. కోర్టులో విడాకులు తీసుకుని, రెండో ఆవిడను మళ్లీ చట్టప్రకారం పెళ్లి చేసుకునేసరికి ఏళ్లు గడిచాయి. మీ నికానామా, ఉంటే విడాకుల డిక్రీ, తర్జుమాలతో సహా ముందే పెట్టుకోండి. నికా కూడా పెళ్లే, రిజిస్టర్ కాలేదని దాచకండి. జకాత్ (విధిగా ఇచ్చే దానం) పంపినవాటికి రసీదులు ఉంచుకోండి, రిజిస్టరైన సంస్థలకే పంపండి. పాస్‌పోర్టులో 'షేక్' ఒక స్పెల్లింగు, టెన్త్ సర్టిఫికెట్లో ఇంకో స్పెల్లింగు ఉంటే ఫారంలో రెండూ రాసేయండి, పౌరసత్వంతో పాటు పేరు కూడా సరిచేయించుకునే వీలుంటుంది.

ఇక ఇండియా వైపు. మన రాజ్యాంగం తొమ్మిదో అధికరణం, 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఇష్టపూర్వకంగా వేరే దేశ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. ఆ తర్వాత పాత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేస్తే జరిమానా. దాన్ని అప్పగించి, సరెండర్ సర్టిఫికెట్ తీసుకుని, ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డుకు) అప్లై చేయాలి. ఓసీఐతో ఓటు ఉండదు, పొలం కొనలేరు. నెల్లూరులో చేను కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే ఆలోచించుకోండి. ఇంకోటి, తల్లిదండ్రులు, తాతముత్తాతల్లో ఎవరైనా ఎప్పుడైనా పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులుగా ఉంటే ఓసీఐ ఇవ్వరు. 1948 పోలీసు చర్య తర్వాత కరాచీ వెళ్లినవాళ్లున్న హైదరాబాదీ కుటుంబాల్లో ఇది చాలామందికి చివరి నిమిషంలో బయటపడుతుంది. మీ అబ్బాతో మాటలు కలిశాక ఆయన్నే అడగండి. అలాంటిదేమైనా ఉంటే ప్రమాణానికి ముందే ఇక్కడ రాయండి, తర్వాతైతే ఊరికి రావాలన్నా ప్రతిసారీ వీసాయే దిక్కు.